తొట్టెలలో పొత్రం

మా పక్కింటి పెద్దమ్మ పోయిన వారం చనిపోయింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, గడప మీద కూర్చుందట. ఆమె భర్త, పెద్దబాపు, చాయ తెచ్చేసరికి తల తలుపుకు ఆనించి ఉందట. కునుకు పట్టిందనుకుని ఆయన లేపలేదు. చాయ చల్లారకుండా కప్పు మీద సాసర్ బోర్లించి పక్కన పెట్టాడు.

అమ్మ ఫోన్ చేసి ఇంతే చెప్పింది. నేను కరీంనగర్‌లో, ఆఫీసుకు తయారవుతున్నాను. జగిత్యాల మీదుగా పోయే బస్సు పట్టుకుని, నిర్మల్ ఘాట్ ఎక్కి, మధ్యాహ్నం దాటాక ఆదిలాబాద్‌లో దిగాను. దారి పొడుగునా కిటికీలోంచి వేడిగాలి మొహానికి కొడుతూనే ఉంది. ఒక మాట నోట్లో తిరుగుతూనే ఉంది. సల్లంగుండు. అది పెద్దమ్మ మాట. పెద్దవాళ్లు చిన్నవాళ్లను అనే మాట. నేను ఆమెను అనకూడదు. కానీ అన్నాను.

ఆమె మీకెవరికీ తెలియదు. పేపర్లో పేరు రావలసిన పని ఆమె ఏదీ చేయలేదు. ఖానాపూర్ దగ్గరి పల్లెలో పుట్టింది. పెళ్లయి ఆదిలాబాద్‌లో మా గల్లీకి వచ్చింది. పెద్దబాపు ఉట్నూర్ రూటులో జీపు నడిపేవాడు. వాళ్లకు ఒక్కతే కూతురు. నేను అక్కా అని పిలుస్తాను. ఆమెను పెన్‌గంగ అవతల, మహారాష్ట్రలో స్థిరపడ్డ తెలుగువాళ్లింటికి ఇచ్చారు. మా ఇంటికీ పెద్దమ్మ ఇంటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడ మీంచి నా చిన్నప్పటి నుంచి గిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. ఏ గిన్నె ఎవరిదో రెండిళ్లవాళ్లూ మరిచిపోయారు.

మా కాన్వెంటులో సిస్టర్లు మొదట నేర్పినవి రెండు మాటలు. థాంక్యూ, సారీ. ఎవరైనా పెన్సిల్ ఇస్తే థాంక్యూ. మోచెయ్యి తగిలితే సారీ. నేను మాట్లాడడమే తక్కువ. ఆ రెండు మాటలతోనే నాకు చాలా రోజులు గడిచిపోయేవి. పెద్దమ్మకు మాత్రం థాంక్యూ నచ్చేది కాదు. గోడ మీంచి వేడి సర్వపిండి అందించినప్పుడు అలవాటుగా అనేదాన్ని. "అయిపోయిందా? లెక్క తెంపేసుకున్నవా?" అనేది. సర్వపిండి తినుకుంటూ లోపలికి వెళ్లిపోయేదాన్ని.

ఆమె ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. సల్లంగుండు అనేది. మా ఊళ్లో ఎండాకాలం ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది. పాలు పోసే అతన్ని సల్లంగుండు అనేది. అందులో వింత లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు కూలర్‌ను అనేది. చెట్టు నుంచి కోసిన నిమ్మకాయను అనేది. చడీచప్పుడు లేకుండా స్టార్టయిన పెద్దబాపు జీపును అనేది. తనకంటే వయసులో పెద్దవాళ్లను తప్ప, ప్రాణం ఉన్నదాన్నీ లేనిదాన్నీ అన్నింటినీ అనేది. సాయంత్రాలు వాకిట్లో బండల మీద, రోటి మీద, రోట్లో పచ్చడి నూరే పొత్రం మీద చెంబుతో నీళ్లు పోసేది. పొద్దంతా ఎండకు కాలిన నల్లరాయి సుయ్‌మనేది. "సల్లంగుండు" అని దాన్ని అరచేత్తో తట్టేది.

ఆమె మెత్తని మనిషి మాత్రం కాదు. నల్లా నీళ్లు ఆలస్యమైతే నీళ్లు వదిలే అతన్ని, వాళ్ల తాతతో సహా, గల్లీ అంతా వినేట్టు తిట్టేది. నీళ్లు రాగానే అదే గొంతుతో సల్లంగుండు అనేది. ఆ తిట్టిందీ ఈ దీవించిందీ ఒకే మనిషినే. కరివేపాకు రెమ్మ అడిగితే ఎన్ని ఆకులు కావాలని అడిగేది. అష్టాచెమ్మ ఆడితే గవ్వలు పడీపడకముందే చేత్తో మూసి, "చెమ్మ పడ్డది" అనేది. చూపించమంటే అలిగేది.

కరోనా వచ్చిన ఏడు ఉగాది నాడు ఊళ్లన్నీ మూతపడ్డాయి. మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్ ఖాళీ చేయమంటే పుస్తకాల సంచీతో ఇంటికి వచ్చాను. నిజం చెప్పాలంటే మొదట్లో నాకు హాయిగానే ఉంది. ఎవరింటికీ వెళ్లనక్కర లేదు. ఎవరూ రారు. మాస్క్ కట్టుకుంటే సగం మొహం దాక్కుంటుంది. తరవాత ఆ హాయి పోయింది. బాపు దగ్గితే మేము ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. అమ్మ టమాటాలను ఉప్పునీళ్లలో కడిగి, మళ్లీ కడిగి, వాటిని ముట్టుకున్న చేతులు కడిగేది. టీవీలో పొద్దున్నుంచి అంకెలే. నేను పుస్తకం ముందు పెట్టుకుని అదే పేజీ చూస్తూ ఉండేదాన్ని.

గోడ అవతల పెద్దమ్మకు ఇంకా పెద్ద గండం. అక్కకు తొలి కాన్పు. ఉగాది వెళ్లగానే, తొమ్మిదో నెల పడగానే జీపులో పోయి తోలుకురావాలని ముందే అనుకున్నారు. వెనక గదికి సున్నం వేయించారు. పాత నేతచీరలు చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, పసిబిడ్డకు పొత్తిగుడ్డలుగా మడత పెట్టారు. దూలానికి తొట్టెల, బిడ్డ ఊయల, కట్టడానికి కొత్త తాడు తెచ్చారు. కాన్పయిన ఆడవాళ్లకు నడుం బలానికి మా వైపు తుమ్మజిగురు వేసిన గోందు లడ్డూలు పెడతారు. అవి కూడా పెద్దమ్మ చేసి డబ్బాకు ఎత్తింది. అన్నీ ఇక్కడ ఉన్నాయి. అక్క నది అవతల ఉంది. మధ్యలో వంతెన, వంతెన మీద పోలీసులు.

పాస్ కోసం నా ఫోన్‌లో అర్జీ పెట్టాం. జవాబు రాలేదు. ఒకరోజు తెల్లారగానే వాళ్లిద్దరూ జీపు తీశారు. పోనియ్యకపోతే ఏం చేస్తారని అమ్మ అడిగింది. "గప్పుడు సూద్దాం" అంది పెద్దమ్మ. ఎండ ముదరకముందే తిరిగొచ్చారు. జీపులో అక్క లేదు. పెద్దమ్మ తిన్నగా లోపలికి వెళ్లింది. ఏం జరిగిందో పెద్దబాపే గోడ దగ్గరికి వచ్చి చెప్పాడు.

వంతెన దగ్గర ఆపిన పోలీసాయన మంచివాడేనట. అమ్మా, నా చేతుల్లో ఏం లేదు అన్నాడట. "గీమె ఏమన్నది ఎరికేనా?" అన్నాడు పెద్దబాపు. "నీ చేతుల లేకపోతే ఏమాయె బిడ్డా, నెత్తి మీద టోపన్న సక్కగ పెట్టుకో, ఎండ కొడుతున్నది, సల్లంగుండు అన్నది. ఆయన పరేషాన్. తిడుతదనుకున్నడు."

అంతటితో అయిపోలేదు. హైదరాబాద్ నుంచి నడుచుకుంటూ సొంత ఊళ్లకు పోయేవాళ్లు కొందరు వంతెనకు ఇటువైపు చెట్ల కింద కూర్చుని ఉన్నారట. వాళ్లలో ఒకామె ఒళ్లో రోజుల పిల్ల. పెద్దమ్మ జీపు దిగి, లడ్డూల డబ్బా తీసుకుపోయి, ఆమె ఒళ్లో పెట్టి వచ్చిందట. ఆమె భాష వీళ్లకు రాదు, వీళ్ల భాష ఆమెకు రాదు. దినానికి ఒక్కటే తినాలని పెద్దమ్మ వేలు చూపించి చెప్పిందట. "డబ్బాకు డబ్బా ఇచ్చింది. రెండు తీసి ఇయ్యరాదె అన్న. ఇనలే" అన్నాడు పెద్దబాపు.

లోపలినుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "బాలింత కోసం చేసినయి బాలింతే తిన్నది. ఏం పోయింది? నువ్వు తిందామనుకున్నవా?"

మర్నాడు వాళ్లింట్లోంచి మళ్లీ నెయ్యి వాసన వచ్చింది. రెండో వాయి లడ్డూలు చుడుతోంది. ఎవరి కోసమని నేను అడగలేదు.

అప్పట్లో నేను ఒకటి అనుకునేదాన్ని. ఈమెకు భయం అనేది పుట్టుకతోనే లేదేమో అని. ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి దాబా మీదికి వెళ్తే, వాళ్ల దాబా మీద పెద్దమ్మ ఉత్తరం వైపు తిరిగి నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. నేను వెనక్కి తిరిగేలోపే చూసింది. మొహం తుడుచుకుంది. ఏదో ఒకటి అడగాలి కదా అని, నీకు భయం కాదా పెద్దమ్మా అన్నాను. అడగకూడని ప్రశ్న.

"ఎందుకు కాదు?" అంది. తాడు మీద గుడ్డ ఒకటి సవరించింది. "ఫికరు దాని పని అది చేస్తది. ఆపుతె ఆగదు. మరి నా పని నేను చేసుకోవద్దా?"

ఆమె పని ఏమిటో సాయంత్రాలు తెలిసేది. దీపం పెట్టే వేళకు గోడ దగ్గరికి వచ్చి పిలిచేది. మాస్క్ కట్టుకుని, రెండు గజాలు వెనక్కి జరిగి నిలబడేది. అడిగేది ఒక్కటే. "ఇయ్యాల ఏం మంచిగైంది?"

మొదటి రోజు ఏం కాలేదన్నాను. అన్నం తిన్నావా అంది. తిన్నాను. ఏం కూర? బీరకాయ. చేదు వచ్చిందా? రాలేదు. "బీరకాయ చేదు రాలే. గది మంచిగ కాలేదా?" అని కోప్పడి వెళ్లిపోయింది. మర్నాడు అడిగేసరికి ఏదో ఒకటి చెప్పాలి కదా అని నేను పొద్దున్నుంచే వెతకడం మొదలుపెట్టాను. కూలర్ కింద కారిన నీళ్లలో పిచ్చుక స్నానం చేసింది. ఒకరోజు అది చెప్పాను. బాపు రాత్రంతా దగ్గలేదు. అది చెప్పాను. దుమ్ము లేక దాబా మీంచి దూరంగా గుట్టలు కనిపించాయి, అవి అక్కడ ఉన్నాయని నాకు ఇన్నేళ్లూ తెలియదు. అది విని ఆమె మెట్లెక్కి వెళ్లి చూసి వచ్చింది. పెద్దబాపును అడిగితే ఆయన ఎప్పుడూ ఒక్కటే చెప్పేవాడు. "జీపు టైరుల గాలి దిగలే." రోజూ అదే చెప్తే చెల్లదని ఆమె పేచీ పెట్టేది. నడవని జీపుకు గాలి ఎట్ల దిగుతది అనేది. ఆయన దిగుతుందనేవాడు. వాళ్లిద్దరి తగువు వినడం కూడా నేను మర్నాటి మంచిలో వేసుకునేదాన్ని.

ఆమె చేసింది అంతే. టీవీలో ఎవరో చెప్పినట్టు ధైర్యంగా ఉండండి అని ఒక్కనాడూ అనలేదు. అంతా మంచే జరుగుతుందని కూడా అనలేదు. జరిగినదాన్ని మాత్రం పేరు పెట్టి పిలిచేది. నేను చదివిన పుస్తకాల్లో అట్లాంటి మనిషి నాకు అప్పటికి కనిపించలేదు.

ఎండలు బాగా ముదిరాక ఒక పొద్దున ఫోన్ వచ్చింది. అక్కకు నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రికి తీసుకుపోతున్నాం అని అల్లుడు చెప్పాడు. ఆ తరవాత ఫోన్ కలవలేదు. పెద్దబాపు చేస్తూనే ఉన్నాడు. ఒకసారి మరాఠీలో ఏదో చెప్పి కట్ అయింది. ఇంకోసారి అదీ లేదు. ఆయన వాకిట్లో జీపు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చింది. తోమిన బిందె మళ్లీ తోమింది. మధ్యాహ్నానికి చేయడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

"నువ్వు సదివే పుస్తకం జర బయటికి సదువు" అంది.

అది ఇంగ్లీషు అన్నాను. "ఏదైతే ఏంది? గొంతు ఇనబడితె సాలు."

నేను గోడకు ఇవతల స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆమె అవతల నీడలో, రోటి పక్కన కూర్చుంది. చేతిలో ఉన్నది ఓడలో సముద్రం మీద పోయిన మనుషుల కథ. కాన్వెంటులో క్లాసు ముందు నిలబెట్టి చదివిస్తే నా గొంతు మూడో బెంచీ దాకా కూడా పోయేది కాదు. ఆ రోజు గోడ అవతలికి పోవాలి. చదివాను. కొంతసేపయ్యాక ఏం చెప్తున్నదది అని ఆమె అడిగింది. ఎటు చూసినా నీళ్లేనట, ఒడ్డు కనిపించడం లేదట అని చెప్పాను. "గన్ని నీళ్లా" అంది. కొంచెం ఆగి, తాగేటందుకు పనికొస్తయా అంది. పనికిరావు, ఉప్పునీళ్లు అన్నాను. "మరెందుకు గవి" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. నవ్వి, వెంటనే ఫోన్ వైపు చూసింది. చదువు అంది. ఒక పేజీ ఇంగ్లీషులో చదివి, ఒక ముక్క తెలుగులో చెప్పేదాన్ని. గొంతు బొంగురుపోయింది. అమ్మ మంచినీళ్లు తెచ్చి పెట్టి, తనూ అక్కడే నిలబడింది. ఓడవాళ్లు ఇంకా ఒడ్డు చేరలేదు.

దీపాల వేళకు ఫోన్ మోగింది. పెద్దబాపు ఎత్తలేకపోయాడు, పెద్దమ్మ వైపు చాపాడు. పెద్దమ్మ ఎత్తింది. చాలాసేపు వింది. మేము ఆమె మొహం చూస్తున్నాం. "ఆడివిల్ల. ఇద్దరు మంచిగున్నరు" అంది. తరవాత ఆ ఫోన్‌ను చేతిలో పట్టుకుని, దాన్ని చూస్తూ సల్లంగుండు అంది. గోడను పట్టుకుని అట్లాగే నిలబడింది.

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. అంత సంతోషానికి నాకు తెలిసిన మాటలు చాలవు. థాంక్యూ కాదు. కంగ్రాచ్యులేషన్స్ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది, అది బడిలో బహుమతి వచ్చినవాళ్లకు చెప్పే మాట. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"సల్లంగుండు పెద్దమ్మా."

అమ్మ నా చెయ్యి గిల్లింది. చిన్నదాన్ని, పెద్దామెను దీవించాను. మా వైపు ఎవరూ చేయని తప్పు. పెద్దమ్మ కదలకుండా నన్ను చూసింది. తరవాత నవ్వింది. నవ్వుతుంటే కళ్లనుంచి నీళ్లు కారిపోయాయి.

"నన్ను దీవిస్తున్నవా ముసలమ్మా" అంది. కొంగుతో మొహం తుడుచుకుంది. "మా అవ్వ పోయినంక గా మాట నన్ను ఎవ్వలనలే. అందర్నీ నేనే అంటున్న. నన్నెవ్వలంటరు?" కొంచెం గోడ మీదికి వంగింది. "మల్ల ఒక్కసారి అను."

అన్నాను.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. మా వైపు ఆ రోజు బిడ్డను తొట్టెలలో వేసి పేరు పెడతారు. తొలి తొట్టెల తల్లిగారింట్లోనే కట్టాలి. దూలానికి తొట్టెల ఇక్కడ కట్టి ఉంది. బిడ్డ నది అవతల ఉంది. దారులు తెరిచాక చేసుకుందామని పెద్దబాపు అన్నాడు. ఉత్త తొట్టెల ఊపకూడదు కదా అని అమ్మ కూడా అంది.

"ఉత్తదని ఎవ్వలన్నరు? పొత్రం లేదా?" అంది పెద్దమ్మ.

తెలియనివాళ్లకు చెప్పాలి. బిడ్డను వేసేముందు తొట్టెలలో పొత్రాన్ని పడుకోబెట్టడం మా వైపు ఆచారం. నది అవతలా ఉంది. తగిలే దిష్టి ఏదో రాయికే తగలాలని, బిడ్డ రాయిలాగా గట్టిగా ఉండాలని అట్లా చేస్తారు. రాయిని కాసేపు ఊపి, తీసి, బిడ్డను వేస్తారు. రాయి మళ్లీ రోట్లోకి పోతుంది. "ఎట్లయినా ముందుగాల పండేది గదే. అది పండుకున్నదని బిడ్డకు చెప్పుదాం. బిడ్డ వంతుకు బిడ్డొస్తది" అంది పెద్దమ్మ.

పొత్రాన్ని బయటికి తెచ్చింది. ఏళ్ల తరబడి పచ్చళ్లు నూరి నున్నబడిన రాయి. గోరువెచ్చని నీళ్లు పోసి, కారం వాసన పోయేదాకా కడిగింది. ఉడకబెట్టి మడత పెట్టిన పొత్తిగుడ్డల్లోంచి ఒకటి తీసి చుట్టింది. కాటుకతో కళ్లు దిద్దింది. దిష్టిచుక్క పెట్టడానికి బుగ్గ ఎక్కడుందా అని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. రెండు చేతుల్లో, తల కింద చెయ్యి పెట్టి ఎత్తుకుంది. తల ఎటువైపో ఆమెకే తెలుసు.

వీడియో కాల్ చేయడానికి నన్ను పిలిచారు. నేను మాస్క్ కట్టుకుని, ఊళ్లు మూతపడ్డాక మొదటిసారి గోడ దాటి వాళ్లింట్లోకి వెళ్లాను. ఒక చేత్తో ఫోన్ పట్టుకోవాలి. రెండో చేత్తో తాడు లాగాలి, పెద్దమ్మతో పాటు. కిటికీలోంచి చూస్తే గల్లీలో ఆడవాళ్లంతా ఎవరి దాబా మీద వాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ దగ్గరికి రాలేదు. అందరూ కొత్త చీరలు కట్టుకున్నారు.

ఫోన్‌లో అక్క కనిపించింది. తొట్టెలలో రాయిని చూడగానే ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఏడ్వకే, పొత్రం ఉలిక్కిపడుతది" అంది పెద్దమ్మ. అక్క ఏడుస్తూనే నవ్వింది. వాళ్ల అత్తగారు పాపను ఒళ్లో వేసుకుని, ఫోన్‌కు దగ్గరగా కూర్చుంది. పెద్దమ్మ పాట ఎత్తుకుంది. దాబాల మీంచి అందుకున్నారు. ఆ పాటలో చుట్టాల పేర్లు కలుపుకుంటూ పోతారు. మేనమామ, మేనత్త, అవ్వ, తాత. పెద్దమ్మ అవన్నీ అయ్యాక ఆపలేదు. కాన్పు చేసిన డాక్టరమ్మను కలిపింది. వంతెన మీది పోలీసాయన్ను కలిపింది. చెట్టు కింద లడ్డూలు తీసుకున్న తల్లిని, ఆమె బిడ్డను కలిపింది. చివరికి సెల్ టవర్‌ను కూడా కలిపింది. దాబాల మీద నవ్వులు వినిపించాయి. నవ్వుకుంటూనే పాడారు.

నేను ఫోన్ చూస్తున్నాను. అక్కడ ఆ అత్తగారు మోకాలు ఊపుతోంది. ఇక్కడ మేము తాడు లాగుతున్నాం. మొదట ఆ ఊపు వేరు, ఈ ఊపు వేరు. పాట సాగేకొద్దీ రెండూ ఒకటయ్యాయి. ఆమె మోకాలు అటు పోతే తొట్టెల అటు పోయింది. పాప కళ్లు మెల్లగా మూసుకున్నాయి. పాట ఆగిపోయింది. గల్లీ మొత్తం నిశ్శబ్దం. అంతమంది ఒక నిద్రపోయే బిడ్డ కోసం ఊపిరి బిగబట్టడం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు. అవును, వినడమే. నిశ్శబ్దం కూడా వినబడుతుందని నాకు ఆ రోజు తెలిసింది.

పెద్దమ్మ వంగి పేరు రాయి చెవిలో చెప్పింది. లేచి, గుసగుసగా నాతో అంది. "గిది గూడ పండుకున్నది."

ఆ తరవాత ఆమె పొత్రాన్ని తొట్టెల నుంచి తీయలేదు. తీస్తే తొట్టెల ఉత్తదైపోతుందని. వాళ్లింట్లో పచ్చడి నూరడానికి రాయి లేదు. పల్లీలు, మిరపకాయలు గోడ మీంచి మా ఇంటికి వచ్చేవి. మా మిక్సీలో తిప్పి ఇచ్చేవాళ్లం. మిక్సీ పచ్చడి పచ్చడే కాదని, నీళ్ల లెక్క ఉందని రోజూ వంక పెట్టి, రోజూ తినేది. ఆ రాయి తీసుకోరాదె అని పెద్దబాపు అంటే, "పండుకున్నదాన్ని లేపుతరా" అనేది. సాయంత్రం గోడ దగ్గరికి వచ్చేముందు ఒకసారి తొట్టెల ఊపి వచ్చేది.

వానలు పడి, దారులు తెరిచాక అక్క వచ్చింది. పాప అప్పటికి బోర్లా పడుతోంది. పెద్దమ్మ తొట్టెలలోంచి రాయిని రెండు చేతులతో తీసి, ఆ స్థలంలో పాపను పడుకోబెట్టింది. పాట పాడలేదు. రాయిని ఒళ్లో పెట్టుకుని, పాపను చూస్తూ, చాలాసేపు కూర్చుంది. తరవాత రాయిని తీసుకుపోయి రోట్లో పెట్టి, పల్లీలు వేసి పచ్చడి నూరింది. ఆ రోజు మా ఇంటికి కూడా గిన్నె నిండా వచ్చింది. ఆ పచ్చడి సంగతి నేను చెప్పలేను. థాంక్యూ మాత్రం అనలేదు.

అప్పటి నుంచి ఆ రాయి పాపకు అన్న అయింది. ముందు పడుకున్నది అదే కాబట్టి. పాప మాటలు నేర్చాక సెలవులకు వచ్చినప్పుడల్లా ముందు దాని దగ్గరికే పోయేది. నాకు కూడా ఒక అలవాటయింది. కరీంనగర్‌కు బయలుదేరినప్పుడు పెద్దమ్మ నన్ను సల్లంగుండు అని తల నిమిరేది. నిమిరి, అక్కడే తల వంచుకుని నిలబడేది. తన వంతు కోసం. బస్సుకు టైమవుతుందన్నా కదిలేది కాదు. నేను అటూ ఇటూ చూసి, ఎవరూ వినకుండా అనేదాన్ని. అప్పుడు దారి ఇచ్చేది.

ఈసారి నేను వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. అంతా చుట్టాలు. నేను దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె తల వంచుకుని ఎదురుచూస్తున్నట్టే అనిపించింది. అంతమంది ముందు ఆ మాట అనలేకపోయాను. కాసేపటికి తీసుకుపోయారు.

స్నానాలు అయ్యాయి. పొద్దు వాలింది. లోపల అక్క ఒక మూలకు ఒరిగింది. పెద్దబాపు జీపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను గోడ దాటి వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. ఎండకు బండలు ఇంకా కాలుతున్నాయి. పాప, ఇప్పుడు బడికి పోయే పిల్ల, నల్లా కింద చెంబు పట్టి, నీళ్లు ఒలకబోసుకుంటూ రోటి దగ్గరికి వచ్చింది. ఆ పని చేసేవాళ్లు ఆ రోజు ఎవరూ లేరు. పొత్రం మీద నీళ్లు పోసింది. సుయ్‌మంది. అరచేత్తో తట్టి, "సల్లంగుండు అన్నా" అంది.

నన్ను చూసి మళ్లీ చెంబు నింపుకొచ్చి ఇచ్చింది. "నువ్వు పొయ్యి చిన్నమ్మా."

నేను పోశాను. నీళ్లు నల్లరాయి మీంచి జారి రోట్లోకి దిగాయి. రాయి వేడి నా చేతికి తగిలింది. అప్పుడు వచ్చింది ఆ మాట.

"సల్లంగుండు పెద్దమ్మా" అన్నాను.

పాప నన్ను జాలిగా చూసింది. "గిది అమ్మమ్మ గాదు. మా అన్న" అంది.

అవునన్నాను. నా చేతిలోంచి చెంబు తీసుకుని మళ్లీ నల్లా వైపు నడిచింది. పాప తిరిగి వచ్చేలోపే రాయి మీద తడి అంచుల నుంచి ఆరిపోతూ వస్తోంది. నడి మధ్యలో మాత్రం, అరచెయ్యంత మేర, ఇంకా నల్లగా మెరుస్తోంది.